సీమదొర పేపరూ, మా చెనక్కాయల ఒలుపూ

మొన్న వేసవిలో బెళుగుప్పకు పోయినప్పుడు మా మేనల్లుడు కొత్తగా కొన్న యంత్రాన్ని చూపించాడు. పైన దాని నోట్లో చెనక్కాయలు, అంటే వేరుశెనగ కాయలు, పోస్తే కింద ఒకవైపు గింజలూ, ఇంకోవైపు పొట్టూ వచ్చి పడతాయి. వాడు మూటెడు కాయలు పోసి, నాకు టీ తెప్పించాడు. ఆ టీ చల్లారే లోపల పని అయిపోయింది. నేను కాసేపు యంత్రం చుట్టూ తిరిగి, దాని కడుపులోకి తొంగి చూసి, "బాగుండాది గానీ అల్లుడా, దీనికి కథ యావరు చెప్తారు?" అని అడిగాను. ఎండదెబ్బ తగిలిన గొర్రెను కాపరి ఎలా చూస్తాడో అలా చూశాడు నన్ను. "మామా, నీడలోకి రా" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. నేను చెప్పబోయే రోజుల్లో వాడు ఉయ్యాల్లో పడుకుని కాలి బొటనవేలు చీకుతున్నాడు. చెనక్కాయలు ఒలవాలంటే కథ కావాలనీ, ఆ కథ ఇంగ్లండు నుంచి ఓడలో రావాలనీ, అది రాకపోతే మా చేన్లో విత్తనం పడదనీ ఒక కాలం ఉండిందంటే వాడేమిటి, మా ఊరివాళ్లే సగం మంది నమ్మరు. మిగతా సగం నమ్ముతారు గానీ, చెబుతున్నది నేనని తెలిశాక వాళ్లూ మానేస్తారు. ఈ జిల్లాలో నా మాటకున్న పరపతి అది. అయినా చెబుతాను.

మా ఊరు బెళుగుప్పకూ వజ్రకరూరుకూ నడుమ ఉంటుంది. ఒకవైపు పోతే చెనక్కాయలు, ఇంకోవైపు పోతే వజ్రాలు. రెండూ వాన పడితేనే బయటికొస్తాయి, రెండూ పక్కవాడికే దొరుకుతాయి. చెనక్కాయ విత్తనంతో ఒక తిరకాసు ఉంది. కాయ ఒలవకుండా ఉంటే ఎన్నాళ్లయినా గింజ లోపల హాయిగా నిద్రపోతుంది. ఒలిచి ఉంచితే మాత్రం అలుగుతుంది, మొలవనంటుంది. పోనీ వాన పడ్డాకే ఒలుద్దామా అంటే, మా ఎర్రనేల తడి పదును అంతవరకు ఆగదు. అందుకని ముంగారు వానలకు, అంటే తొలకరికి, కాస్త ముందు, మబ్బులు ఆకాశంలో నిలబడి దిగాలా వద్దా అని బేరమాడే ఆ కొద్ది వారాల్లోనే ఒలుపు అంతా అయిపోవాలి. మా అవ్వ నాగమ్మ రాత్రిపూట పడసాలలో మూటలు గుమ్మరించి, కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెపట్టాలు కప్పేది. తెల్లవారి పట్టా ఎత్తితే ఒక వాసన వచ్చేది. తడిసిన పొట్టు, పాత గోనె, మట్టి, లోపలెక్కడో తీయగా పచ్చిగింజ. నాకు ఈనాటికీ ఏ అత్తరు దుకాణం ముందు నిలబడినా అది గుర్తొస్తుంది, ఇది తక్కువనిపిస్తుంది. ఆ వాసనలోకి ఊళ్లో ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చి వరసగా కూర్చునేవాళ్లు. బొటనవేలితో కాయ వీపు నొక్కితే టప్‌మని పగిలేది. టప్ టప్ టప్‌మని, రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు, పడసాలంతా ఒకటే చప్పుడు. మా ప్రాంతంలో చాలా ఏళ్లు మేము విన్న వాన చప్పుడు అదొక్కటే.

చేతులతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నోళ్లతో. ఒలిచిన గింజ చాటలోకి పోవాలా, నోట్లోకి పోవాలా అని ఒక్క క్షణం ఆలోచిస్తుంది. మా ఇంటి సేద్యమంతా ఆ క్షణం మీద ఆధారపడి ఉండేది. ముందటి యేడు పంట పోయింది. ఉన్నదాంట్లోనే మంచి కాయ ఏరి అటక మీద దాచిన విత్తనం అది. అది నోళ్లలోకి పోతే ఆ మేరకు చేను బీడు పడుతుంది. అందుకని అవ్వ మంచం వేసుకుని ఎదురుగా కాపలా కూర్చునేది. ఆమెకు ఒక్క పన్ను కూడా లేదు కాబట్టి ఇంట్లో కాపలాకు తగిన మనిషి ఆమెనే. ఏళ్ల తరబడి నోళ్లనే చూసి చూసి ఆమె ఒక సిద్ధాంతం కనిపెట్టింది. "పాడమంటే పాడతారురా. పాటకూ పాటకూ నడుమ పిడికెడు మింగుతారు. మాట్లాడమంటే మాట్లాడతారు. ఒకామె మాట్లాడేటప్పుడు ఇంకొకామె నములుతాది. నగిచ్చినామనుకో, అప్పుడు యావరూ గింజ ఏసుకోలేరు. నగతా నగతా ఏసుకుంటే పొరబోతాది, దగ్గి దగ్గి సావాల. ఒకసారి పొరబోయినామె మల్ల దాని జోలికి పోదు" అనేది. కాబట్టి ఒలుపు రోజుల్లో మా ఇంటికి నవ్వించే మనిషి కావాలి. అంతకుముందు ఆ పని చేసినాయన బెంగుళూరుకు వలసపోయి ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చున్నాడు. ఆ ఉద్యోగం నాకు పడింది. నేనప్పుడు అనంతపురంలో డిగ్రీ చదివి, ఒక్క ఇంగ్లీషు తప్ప అన్నీ గట్టెక్కి, ఇంటికొచ్చి మిద్దె మీద వెల్లకిలా పడుకునే వయసులో ఉన్నాను.

ఆ మిద్దె మీది గదిలో మాకొక దొర అద్దెకుండేవాడు. వజ్రాల కోసం భూమిని పరీక్షించే ఏదో విదేశీ కంపెనీ మనిషి. పేరు కాలిన్. మా ఎండలోకి వచ్చిన వారానికే ఎర్రగా కమిలిపోయాడు కనుక ఆ పేరు ఊళ్లో ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని జీపులో పోయేవాడు. సాయంత్రానికి సంచెడు రాళ్లు తెచ్చి, కడిగి, వెలుతురులో పట్టుకుని చూసి, నాలుకతో నాకి చూసేవాడు. అది వాళ్ల చదువులో భాగమట. అవ్వకు మాత్రం కడుపు తరుక్కుపోయేది. "పాపం, ఉప్పుకు మొగం వాచినట్లుండాడు" అని గిన్నెడు ఊరగాయ పైకి పంపేది. రెండేళ్లలో దొరకు వజ్రాలు దొరకలేదు గానీ మా భాష దొరికింది. ఎవరు ఎదురుపడినా "యాడికి పోతాండావన్నా?" అని అడిగేవాడు. అడిగాక జవాబు వినకుండా పోయేవాడు. అంత బాగా వచ్చేసింది మా భాష.

అతని తల్లి ఇంగ్లండులో దుకాణంవాడికి చెప్పి వారం వారం ఒక పేపరు పంపించేది. ఖాకీ కాగితంలో బిగించి చుట్టిన కట్ట, చూడ్డానికి చపాతీల కర్రలా ఉండేది. అది ఏ రేవులో ఆగి ఏ రేవులో టీ తాగి వచ్చేదో గానీ నెలలకు నెలలు పట్టేది. లోపల ఉండేది పిల్లల నవ్వుల పేపరు. అన్నీ బొమ్మలు. బొమ్మల నోళ్లలోంచి బుడగలు, బుడగల్లో మాటలు. అది చదువుతూ, ఆరడుగులు దాటిన ఆ మనిషి మిద్దె మీద నులకమంచంలో ముందుకూ వెనక్కూ ఊగి ఊగి నవ్వుతుంటే మొదట్లో మేము భయపడ్డాం. అవ్వ ఆ నవ్వు విని, కాసేపు ఆలోచించి, "రేయ్ శీనా, అది కిందికి తేరా" అంది.

అలా మొదలైంది. అందులో చాలా కథలుండేవి గానీ మా వాళ్లకు పట్టింది ఒక్కటే. ఒక పొడుగుకాళ్ల పోలీసాయన, అతని టోపీ ఎత్తుకుపోయే ఒక పెద్ద బాతు. ప్రతివారం టోపీ పోతుంది. ఎలా పోతుందనేదే కొత్త. వాళ్లకక్కడ ఏం పేర్లుండేవో నేను చదవలేదు. పోలీసుకు తిమ్మప్ప అనీ, బాతుకు గంగులు అనీ నేనే పేర్లు పెట్టాను. బుడగల్లో మాటలు నాకు ఒకటీ అరా తప్ప అర్థమయ్యేవి కావు. దానివల్ల కథకు అడ్డంకి లేకుండా పోయింది.

"ఈ పొద్దు తిమ్మప్ప టోపీకి తాడు కట్టి గడ్డం కింద ముడేసుకున్నాడు, ఎట్ల ఎత్తుకపోతాదో చూస్తా అని" అంటాను నేను, పేజీ వాళ్లవైపు తిప్పి పట్టుకుని.

"మల్ల?" అంటుంది సుంకమ్మ. ఆ ఒలుపు గుంపుకంతా ఆమె పెద్ద. ఆమె ఎక్కడ కూర్చుంటే అందరూ అక్కడ కూర్చుంటారు, ఆమె లేస్తే లేస్తారు.

"మల్లేముండాది, టోపీతో పాటు తిమ్మప్పను గూడా ఎత్తుకపాయ. పెండ్లాం పుట్టింట్లో దించి వచ్చింది."

"మా ఆయప్పను గూడా యావరన్నా అట్ల ఎత్తుకపోతే బాగుండు. దించేపని గూడా లేదు" అంటుంది సుంకమ్మ. పడసాల ఘొల్లుమంటుంది. అవ్వ మాత్రం నవ్వదు, పది నోళ్లనూ వరసగా చూసుకుంటూ పోతుంది. ఒక సాయంత్రం దొర వచ్చి మెట్ల మీద కూర్చుని ఇదంతా విన్నాడు. పేపరు అడిగి తీసుకుని, ఆ పేజీని పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, "శీనా, పోలీసాయనను పెండ్లాం పుట్టింట్లో దించిందని యాడ రాసిండారు?" అని అడిగాడు. "బొమ్మకు ఎనకపక్క దొరా" అన్నాను. పాపం, పేజీ తిప్పి చూశాడు.

పైవీధిలో చెన్నారెడ్డి మామకు కూడా ఒలుపు ఉండేది. ఆయన వసారాలో రంగుల టీవీ పెట్టి, మధ్యాహ్నం సీరియల్ వేసేవాడు. అందులో అందరూ ఏడుస్తారు. చూసేవాళ్లూ ఏడుస్తారు. ఏడుస్తూ తింటే పొరబోదు, ఎంతైనా పడుతుంది. కొంగుతో కళ్లొత్తుకునేటప్పుడు ఆ చాటున ఇంకో గుప్పెడు కూడా పడుతుంది. ఇది తెలిసి అవ్వ లోపల్లోపల సంతోషించింది గానీ, ఆడవాళ్లకు కూడా ఆ సంగతి తెలిసింది. రెండు మూడుసార్లు సుంకమ్మే ఆవులించి, "ఆ ఇంట్లో సీరియల్ బాగుండాదంటనే" అంది. అప్పుడు నేను గంగులు చేత టోపీ మాత్రమే కాదు, తిమ్మప్ప ప్యాంటు కూడా ఎత్తుకుపోయేలా చేయాల్సి వచ్చింది. అలా మా విత్తనం, నిజంగానే, ఒక బాతు ముక్కున వేలాడుతూ ఉండేది.

ఇంతలో ఒక కట్ట వచ్చింది. దాని అట్ట మీద పెద్ద నక్షత్రం, నక్షత్రంలో నాకు తెలిసిన రెండు మాటలు. గొప్ప వార్త. వచ్చే సంచికలో అని కింద రాసి ఉంది. నేను దాన్ని నెత్తిమీద ఎత్తి పట్టుకుని పడసాలంతా తిరిగి చూపించాను. వచ్చే వారం గొప్ప వార్త అని చాటించాను. ఇంక చూడండి. గంగులు పెళ్లి అని ఒకామె. పెళ్లి కాదు, గుడ్లు పొదిగి ఉంటుందని ఇంకొకామె. తిమ్మప్పకు కదిరికి బదిలీ అయిందని మూడో ఆమె. "బదిలీ అయితే గంగులు గూడా పోతాదా, లేకపోతే కొత్త పోలీసాయన వస్తాడా?" అని సుంకమ్మ నిజంగానే దిగులు పడింది. మర్నాటికి ఈ మాట పైవీధికి పాకి చెన్నారెడ్డి మామ వసారా సగం ఖాళీ అయింది. టీవీలో ఏడ్చేవాళ్లు వాళ్లకు వాళ్లే ఏడ్చుకున్నారు. అవ్వ ఒక్కొక్కరికి బెల్లంముక్క పంచింది, ఆమె చేతి నుంచి ఊరికే ఏదైనా రావడం అప్పుడే చూశాం.

సాయంత్రం దొర వచ్చి ఆ అట్ట చూశాడు. పైకి పోలేదు, అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. విత్తే రోజున మబ్బు పక్కమండలానికి పోయినప్పుడు మా వాళ్ల మొహం అలా ఉంటుంది.

"ఏమైంది దొరా?" అంది అవ్వ.

"అవ్వా, మా దేశంలో పిల్లల పేపరు మీద గొప్ప వార్త అని రాసినారంటే, ఆ పేపరు సచ్చిపోతాండాదని అర్థం" అన్నాడు. టప్ టప్ చప్పుడు ఆగింది. కొనేవాళ్లు తగ్గితే యజమానులు చిన్న పేపరును పెద్ద పేపరులో కలిపేస్తారట. చిన్న పేపరు చదివే పిల్లలు గొడవ చేయకుండా గొప్ప వార్త అని వేస్తారట. "కొన్నాళ్లు పెద్ద పేరు కింద మన పేరు చిన్నచ్చరాల్లో ఉంటాది. మల్ల ఇంకా చిన్నవైతాయి. మల్ల ఉండవు."

"ఓహో, చెన్నారెడ్డప్ప పార్టీ మారినట్ల" అంది సుంకమ్మ. "ఆ పొద్దు గూడా కార్యకర్తలకు శుభవార్త అనే చెప్పినారు మైకులో."

"ఎప్పుడు పోతాదంట?" అంది అవ్వ.

దొర తల వంచుకున్నాడు. "పాయవ్వా. చలికాలంలోనే పాయ. అమ్మ ఫోన్లో చెప్పింది. ఓడలో బయల్దేరినవి మాత్రం నిదానంగా వస్తాండాయి. మీరు నగతాంటే నాకు చెప్పబుద్ధి కాలే."

అంటే ఆ వేసవంతా మేము పొట్టలు పట్టుకుని నవ్వింది ఒక చచ్చిన పేపరును చూసి. సుంకమ్మ చాట పక్కన పెట్టి, ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచింది. ఆమెతో పాటు అందరూ లేచారు.

"యాడికే?" అంది అవ్వ.

"నీళ్లు పోసుకునేకి. సావు కబురు వింటిమి కదా."

మా వైపు అయినవాళ్ల చావు కబురు ఎంత ఆలస్యంగా విన్నా విన్నచోటి నుంచి లేచిపోయి తలకు నీళ్లు పోసుకోవాలి. మైల ఉన్నన్నాళ్లూ విత్తనాన్ని ముట్టకూడదు, ముడితే మొలవదు. ఈ రెండో నియమాన్ని ఊళ్లో అందరికన్నా గట్టిగా పట్టింది మా అవ్వే. ముందటి యేడు సుంకమ్మ చిన్నాన్న పోయినప్పుడు ఆమెను గడప దాటి రానివ్వలేదు. అదిప్పుడు ఎదురు తిరిగింది.

"కాగితానికి మైలేందే, మీకేమన్నా పిచ్చా?" అని అవ్వ వాకిలికి అడ్డం నిలబడింది.

"కాగితమైతే ఏమవ్వా? ఎండకాలమంతా మనతో కుచ్చోని మనల్ని నగిచ్చింది. మా చిన్నాయన బతికినన్నాళ్లూ ఒక్క పొద్దు నన్ను నగిచ్చలే. ఆయప్పకు పట్టిన మైల దీనికి పట్టకూడదా?"

అవ్వ ఆలోచించింది. "సరే. సచ్చింది చలికాలంలో. మైల దినాలు ఎప్పుడో తీరిపాయ. ఇప్పుడు తలమీద నాలుగు చుక్కలు చల్లుకుంటే సాలు. చల్లుకోని కుచ్చోండి."

"అట్లయితే సచ్చినట్లే అనుకుందాం" అంది సుంకమ్మ నెమ్మదిగా. "కానీ సచ్చినోళ్లను చూసి నగకూడదు కదవ్వా. ఇంక శీనప్ప కథ చెప్పేకి లేదు, మేము నగేకి లేదు. ఊరికే ఒలిచేదాని కన్నా..." అని పైవీధి వైపు చూసింది.

అవ్వ అంతలా ఇరుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. పేపరు చచ్చిందంటే కథ లేదు, కథ లేకపోతే గుంపంతా టీవీ ముందుకు పోతుంది, విత్తనం మూటల్లోనే ఉండిపోతుంది. "అట్లయితే సావలే!" అని గట్టిగా అరిచింది. "యావరన్నారు సచ్చిందని? ఫోన్లో చెప్తే సచ్చినట్లేనా? మనం కండ్లతో చూసినామా?"

"సివరి పేపరు ఓడలో వస్తాండాదవ్వా" అన్నాడు దొర, సాయం చేద్దామని. అది సాయం కాలేదు.

"అట్లయితే అది వచ్చిన పొద్దే సచ్చినట్ల లెక్క" అంది సుంకమ్మ, మళ్లీ కూర్చుంటూ. "ఆ పొద్దు నుండి మైల పట్టాల." అందరూ ఒప్పుకున్నారు. న్యాయంగానే ఉంది. అవ్వ కూడా కాదనలేకపోయింది. ఆమె వాకిట్లోకి పోయి పడమటి ఆకాశం వైపు చూసింది. ఓడ రావాలన్నా ఆ పక్క సముద్రం మీదనే రావాలి. ముంగారు మబ్బు రావాలన్నా ఆ సముద్రం మీదనే రావాలి. మబ్బు ముందొస్తే మా చేను పండుతుంది. ఓడ ముందొస్తే మైల పట్టి, గింజ ముట్టే చెయ్యి లేక, పదునంతా ఆరిపోతుంది. ఆ రోజు నుంచి మా అవ్వ పూజ మారిపోయింది. "దేవుడా, మబ్బును బిరీన తోలుకరా. ఆ ఓడను ఎక్కడన్నా కాసేపు నిలబెట్టు. మునగనీవద్దు స్వామీ, మనుషులుంటారు. ఊరికే నిలబెట్టు" అని పొద్దున్నే దీపం ముందు చెప్పుకునేది.

ఓడే ముందొచ్చింది. పోస్టాయన సైకిలు దిగి ఖాకీ కట్టను చేతికిచ్చినప్పుడు పడసాలలో ఇంకా విప్పని మూటలు గోడవారగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. ఆకాశంలో నల్లపిల్లి అంత మబ్బు కూడా లేదు. దొర చేయి చాచాడు. అంతకంటే ముందు అవ్వ చేయి పోయింది.

"చింపొద్దు" అంది.

"అవ్వా, అది నాది."

"నీదే నాయనా, యావరు కాదన్నారు. చింపితే సస్తాది. చింపకపోతే సావదు. విత్తనం భూమిలో పడినాక నువ్వే చింపుదువు." కట్టను పీట మీద పెట్టి, పీటను పడసాల నడుమ పెట్టింది. సుంకమ్మ వంగి, దాన్ని నాలుగువైపులా చూసి, సీలు విప్పలేదని ఒప్పుకుంది. చావు మాట వాయిదా పడింది.

"అయితే చింపకుండా ఎట్ల చదువుతావు శీనప్పా?" అంది.

"చింపినప్పుడు మాత్రం చదివినానా?" అన్నాను.

పడసాల ఎగిరిపోయింది. ఇద్దరికి పొరబోయింది కూడా, దాంతో వాళ్ల నోట్లో ఏముండిందో అవ్వకు తెలిసిపోయింది. ఆ రోజు నుంచి నేను కట్టను చెవి దగ్గర పెట్టుకుని లోపల ఏం జరుగుతోందో వింటూ చెప్పేవాణ్ణి. తిమ్మప్ప గంగులు మీద కేసు పెట్టాడు. గంగులు కోర్టుకు వచ్చి జడ్జిగారి టోపీ ఎత్తుకుపోయింది. నీళ్ల ట్యాంకరు వెంట ఈదుకుంటూ మా ఊరికే వచ్చింది, చెన్నారెడ్డి మామ పార్టీ కండువా ఎత్తుకుపోయి పాత పార్టీ ఆఫీసులో వేసి వచ్చింది. బొమ్మలు లేవు కాబట్టి నన్ను ఆపేది ఏదీ లేదు. మూటలు ఒక్కొక్కటే సన్నబడ్డాయి.

ఒకరోజు సందెవేళ దొర పీట దగ్గర నిలబడి కట్టను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వాసన చూసి, మళ్లీ పెట్టడం చూశాను. అతని చేతుల్లో రాళ్లు ఎన్నోసార్లు చూశాను గానీ, ఏ రాయినీ అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. "మా నాయన తెచ్చేటోడు శీనా. పనికాడ నుండి వస్తా, కోటు జేబులో పెట్టుకోని. నేను గేటుకాడ నిలబడుకోని ఉంటాంటి" అన్నాడు. "ఆయప్ప పోయినాక గూడా పేపరు వచ్చేది. అందుకే అమ్మ నిలపలే."

"అవ్వ నిద్రబోతాంది. ఆవిరి పట్టి అంచు విప్పి, చూసి, మల్ల అంటిద్దామా?" అన్నాను.

అతను మూటల వైపు చూశాడు. "వద్దప్పా. విత్తనం పడనీ" అని మెట్లెక్కి పోయాడు.

ఆఖరి మూట ఒలిచిన మూడోనాడు వాన పడింది. ఎంత వాన అంటే, ఒక్కొక్క చినుకూ చాటంత ఉండిందని చెబితే మీరు ఎలాగూ తగ్గించుకుంటారు కాబట్టి అలాగే చెబుతున్నాను. తెల్లవారుజామునే విత్తే గొర్రు కట్టారు. అదే ఆడవాళ్లు, అవే చేతులు, వరసగా గొర్రు వెనక నడుస్తూ గింజ జారవిడిచారు. అవ్వ గట్టు మీద కూర్చుని నోళ్లు చూస్తూనే ఉంది. చేను చివరి సాలు కూడా కప్పాక ఆమె మొదటిసారి కాళ్లు చాపుకుంది.

ఇంక కట్ట విప్పాలి. విప్పే రోజున సుంకమ్మ గుంపంతా తడిజుట్టు ఆరబోసుకుని వచ్చారు. పొద్దున ట్యాంకరు వచ్చిందట, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, సాయంత్రం చావు ఎలాగూ ఉంది కదా అని ముందే తలకు పోసుకున్నారట. దొర చేత కూడా పోయించారు. అతను ఎర్రటి చెవుల వెనక నీళ్లు కారుతుండగా పీట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మర్నాడే అతని ప్రయాణం. వజ్రాలు లేవని కంపెనీకి నమ్మకం కుదిరింది. అవ్వ కొడవలితో దారం కోసింది. దొర ఖాకీ కాగితం విప్పి, పేపరు చాపాడు.

అది మా పేపరు కాదు. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఇంకేదో పేరు ఉంది. దాని కింద, చీమలు బారులు తీరినట్టు, మా పేపరు పేరు. చివరి సంచిక దారిలో ఏ సముద్రంలోనో ఏ పోస్టాఫీసు మూలలోనో తప్పిపోయింది. దుకాణంవాడు దాని తర్వాతది కూడా పంపాడు, అదే మా చేతికొచ్చింది. మేము అన్నాళ్లు పీట మీద కూర్చోబెట్టి కాపాడిన చావు అసలు మా ఊరికి రానే లేదు. దొర ఒక్కొక్క పేజీ తిప్పాడు. అన్నీ తెలియని మొహాలు. చుట్టూ తడితలలు వంగి చూస్తున్నాయి.

"ఇదిగో! ఈడుండాది!" అని సుంకమ్మ వేలు పెట్టింది. చివరి పేజీలో, కింద మూలకు, బొటనవేలి గోరంత గడిలో గంగులు నిలబడి ఉంది. ముక్కున టోపీ. తిమ్మప్పకు ఆ గడిలో జాగా లేదు, ఒక కాలు మాత్రం కనిపిస్తోంది. "సావలే! ఒకరింట్లో మూలకు జాగా ఇచ్చినారు, అంతే. బెంగుళూరులో మా చెల్లెలికి గూడా ఇంతే జాగా. బాగానే ఉండాది" అని దొర వైపు తిరిగింది. "బతికిండాదా లేదా దొరా? ఒక్క మాట చెప్పు."

ఆ అక్షరాలు వారం వారం ఎలా సన్నబడతాయో, ఆ గడి ఎన్నాళ్లుంటుందో అక్కడున్న వాళ్లలో అతనికీ నాకూ మాత్రమే గుర్తున్నట్టుంది. అతను గోరంత గడి మీద వేలు పెట్టాడు. తర్వాత నా కన్నా బాగా, ఏమాత్రం తడబడకుండా, "బతికిండాది" అన్నాడు.

"బతికుంటే నీళ్లెందుకు పోసుకున్నారే, దండగమారి ముండల్లారా!" అని అవ్వ లేచింది. "ట్యాంకరు నీళ్లు! ఊరంతా బిందెల కోసం కొట్టుకుంటాంటే, బతికున్న బాతుకు తలస్నానాలా? అవి మల్ల బిందెలోకి ఎత్తి పోయండి!" అంటూ, ఆ మాట పూర్తి కాకముందే ఆమెకే నవ్వొచ్చింది. అంత వేసవిలో ఒక్కసారి నవ్వని మనిషి, బోసినోరు తెరిచి, మంచం పట్టె పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మొలకలు అన్నీ వచ్చాయి. ఆ తర్వాత వాన మళ్లీ మొహం చాటేసింది, విత్తనానికి విత్తనం, దాని మీద కాస్త చేతికొచ్చింది. మా నేలలో దాన్ని మంచి పంట అంటారు. దొర ఆ పేపరును సుంకమ్మకే ఇచ్చి పోయాడు. ఆమె ఆ మూల గడి వరకు కత్తిరించి చాలా రోజులు గోడకు అంటించుకుంది.

ఆ పేరు మీద మా ఊరికి మళ్లీ ఏ కట్టా రాలేదు. అవ్వ పోయి చాలా కాలమైంది, ఆమెకు మైల పద్ధతిగానే పట్టాం. ఇప్పుడు ఒలిచేవాళ్లూ లేరు, నవ్వించి వాళ్ల నోళ్లు మూయించాల్సిన పనీ లేదు. ఎవరికి వారు అరచేతిలో ఫోను పెట్టుకుని, వేరు వేరు మూలల్లో, వేరు వేరు బాతుల్ని చూసి నవ్వుకుంటున్నారు, పక్కవాడికి పొరబోయినా తెలియదు. మంచిదే, కాదనను. ఆ మధ్య ఈ కథంతా విని మా అమ్మాయి, "ఆ పేపరు పేరేంది నాయనా? చెప్పు, ఆ బాతు ఏమైందో ఇప్పుడే చూసి చెప్తా" అని ఫోను తీసింది. పేరు నాకు బాగా గుర్తుంది. నోటిదాకా వచ్చింది కూడా. గుర్తు లేదమ్మా అన్నాను. సుంకమ్మ ఇంకా ఉంది, ముసలిదైపోయింది, చావు కబురు వింటే తలకు పోసుకోక మానదు. ఈ వయసులో ఆమెకు చన్నీళ్లు పడవు.